వాగులో దొరికిన మందుల మూట

ఆ పెద్దాయన మా అంగడికి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. ఉదయగిరిలో ఆ వేళకు గిరాకీ కాస్త సన్నగిల్లుతుంది. డాక్టర్ల చీటీలు పట్టుకుని వచ్చేవాళ్ళు వచ్చి పోయుంటారు, పల్లెలకు పోయే బస్సులు కదిలిపోయుంటాయి. నేను అరల ముందు స్టూలేసుకుని మాత్రల షీట్లు సర్దుకుంటున్నాను. ఆయన చెప్పులు కింద విడిచి మెట్టెక్కి, భుజం మీది తువ్వాలు తీసి, దాని ముడి విప్పి కౌంటరు అద్దం మీద పరిచాడు.

ఆయన్ని నేను బాగా ఎరుగుదును. గొర్రెల కాపరి. కొండాపురం దగ్గరి పల్లె. ఎండలు ముదిరితే మందను తోలుకుని మా ఊరి వాగు వెంట దిగుతాడు. ఇక్కడున్నన్నాళ్ళూ నెలకోసారి బీపీ బిళ్ళల కోసం నా దగ్గరికి వస్తాడు. చదువు రాదు కాబట్టి పొద్దున వేసుకోవాల్సిన షీటు మీద చిన్న సూర్యుడి బొమ్మ గీసి ఇస్తుంటాను. దానికి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

తువ్వాలులో పది పన్నెండు చిరిగిన షీటు ముక్కలు, పగిలిన సీసా మెడ ఒకటి, గొర్రెలు నమిలి వదిలిన అట్టపెట్టె తునకలు ఉన్నాయి. దగ్గుమందు తీపి వాసన గుప్పుమంది.

"పదకొండు గొర్లు సచ్చిపోయినాయమ్మా" అన్నాడు. "వాగులో యెవురో మందుల మూటలు పారబోసుండారు. తీపి గదా, అట్టలు నమిలినాయి. ఇయ్యి యే అంగడియో సూస్తే నీకేమన్నా తెలస్తాదా?"

చూశాను. పైనున్న ముక్క మీదే తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. పక్కన 'మూ-4' అని రాసి ఉంది. అది నా రాత. గడువు దగ్గరపడిన షీటు మీద అలా సున్నా చుట్టి, అది ఏ అరలోదో రాసిపెట్టుకోవడం అంగడి తెరిచిన నాటి నుంచి నా అలవాటు. మూ-4 అంటే మూడో వరసలో నాలుగో అర. ఉదయగిరిలో ఇంకే మందుల అంగట్లోనూ అలా రాయరు.

"నాకు తెలవదు పెదనాయనా. మావి కావు" అన్నాను.

ఆ మాట ముందే ఆలోచించుకుని అన్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆయన నమ్మాడు. నువ్వు చదువుకున్నదానివి కాబట్టే ముందు నీ దగ్గరికొచ్చినానని చెప్పి, ముక్కలన్నీ జాగ్రత్తగా ఏరి మూటగట్టుకుని పక్క అంగడికి పోయాడు. నేను మళ్ళీ షీట్లు సర్దడానికి కూచున్నాను.

నేను నాలుగేళ్ళు ఫార్మసీ చదివాను. మా పుట్టినూరు కలువాయి వైపు. మా కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. గడువు తీరిన మందును చెత్తలో కలపగూడదని, కాలవలో పోయగూడదని, ఆరుబయట కాల్చగూడదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెళ్ళయి ఉదయగిరికి వచ్చి అంగడి పెట్టాక ఆ పాఠం అటక మీదికి పోయింది. మాకు సరుకు పంపే ఏజెన్సీ ఆత్మకూరులో ఉంది. పెట్టె సీలు విప్పకుండా, గడువు తీరకముందే వెనక్కిస్తే తీసుకుంటారు. నాలుగు షీట్లు అమ్ముడుపోయి ఆరు మిగిలితే ఆ ఆరూ నావే. సగం నిండిన అట్టపెట్టెలోని సిరప్ సీసాలూ నావే. అలా మిగిలినవన్నీ యూరియా సంచిలో వేసి, ఏడాదికి మూడు నాలుగు సార్లు చెత్త ట్రాక్టరుకు ఎత్తించేదాన్ని. ట్రాక్టరు ఎక్కడికి పోతుందని ఎన్నడూ అడగలేదు. ఊరి బయట ఎక్కడో కుమ్మరిస్తారులే అనుకున్నాను. ఎనిమిదేళ్ళు అలాగే జరిగింది.

మధ్యాహ్నం అన్నానికి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. నెమ్మదస్తుడు. షీటు మీద అంగడి పేరు లేదు కదా, నువ్వుగా చెబితే తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు, లైసెన్సుకు ముప్పు తెచ్చుకోవద్దు, ఆ పెద్దాయనకు వేరే విధంగా ఏదైనా సాయం చేద్దాం అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు నాకు. అయినా కంచం ముందు నుంచి లేచాను. చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని వాగు దారి పట్టాను.

మా వాగు ఎండాకాలమంతా ఇసకే. వెనకాల దుర్గం కొండ, అటూ ఇటూ సర్కారు తుమ్మ. ట్రాక్టరు దిగే బాట పక్కన ఒడ్డు మీద చెత్త మేటలు వేసి ఉంది. ఆ మేటల్లోంచి మూటలు కొన్ని జారి ఇసకలో పడి పగిలాయి. నావి నేను వెంటనే గుర్తుపట్టాను. సంచి మూతికి నేను కట్టే పచ్చ నైలాను తాడు ఇంకా వదులు కాలేదు. నావి మూడు, మిగతావి వేరే వాళ్ళవి. ఎర్ర బిళ్ళలు, తెల్ల బిళ్ళలు, క్యాప్సూళ్ళు, ఇంజెక్షన్ సీసాలు ఇసకలో చెల్లాచెదురుగా పడున్నాయి. ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలైనవి కొన్ని.

కాస్త అవతల పశువుల డాక్టరు చచ్చిన గొర్రెను కోసి చూస్తున్నాడు. పెద్దాయన, ఆయన బంధువులు నలుగురైదుగురు చుట్టూ కూచున్నారు. గొర్రె కడుపులో అట్టముక్కలు ముద్దగా ఉన్నాయి. ఆ ముద్ద ఎర్రగా ఉంది. నన్ను చూసి డాక్టరు, రక్తం కాదమ్మా, రంగు అన్నాడు. గర్భిణులకు రక్తం పట్టాలని ఇచ్చే ఐరన్ బిళ్ళల పైపూత అది. మనిషికి రోజుకొకటి మేలు చేస్తుంది, తీపి పూతకు ఆశపడి గొర్రె గుప్పెడు మింగితే పేగులు తినేస్తుంది అని వివరించాడు. మా అంగట్లో అవి మూడో వరసలో నాలుగో అరలో ఉంటాయి.

అక్కడికి రెండొందల అడుగుల దిగువన ఇద్దరాడవాళ్ళు ఇసకలో గుంట తీసి నీళ్ళు తోడుకుంటున్నారు. మా వైపు దాన్ని చెలమ అంటారు. కొబ్బరి చిప్పతో తేటనీళ్ళు తీసి, గుడ్డ అడ్డం పెట్టి బిందెలో పోస్తున్నారు. కుళాయి నీళ్ళు వాడకానికేనట, తాగడానికి ఈ నీళ్ళే మెత్తగా ఉంటాయట. అది విని నేను డాక్టరు ముఖం చూశాను. ఆయనా అదే ఆలోచిస్తున్నాడు.

"ఒక వాన పడనీండి" అన్నాడు. "ఇదంతా ఇసకలోకి దిగుతాది. ఈ చెలమలోకి, కిందున్న చెరువులోకి పోతాది. ఈ క్యాప్సూళ్ళు మట్టిలోని రోగపు పురుగును చంపవమ్మా, మందుకు అలవాటు చేస్తాయి. రేపు మీ బిడ్డకు జ్వరమొస్తే మీ అంగట్లో ఉండే మందే పనిచెయ్యకుండా పోతాది."

అందాకా నేను నా తప్పును పదకొండు గొర్రెల మేరకే చూస్తున్నాను.

అప్పటికి పంచాయతీ మెంబరొకరు, మా మందుల అంగళ్ళవాళ్ళకు పెద్దగా ఉండే ఆసామి మోటారు సైకిలు మీద వచ్చారు. మా అందరి అంగళ్ళకన్నా పాతది ఆ ఆసామి అంగడి. మాటకారి. ఇవి ఎవరివో తేల్చడం ఎవరి వల్లా కాదనీ, బయటి ఊళ్ళవాళ్ళు ఎవరో తెచ్చి పడేసుంటారనీ, అందరం తలా కొంచెం వేసుకుని గొర్రెల నష్టం కట్టిస్తామనీ చెప్పాడు. కాపరులు వింటున్నారు. పెద్దాయన మాత్రం గొర్రె వైపే చూస్తున్నాడు. ఇంకాసేపు ఊరుకుంటే ఆ మాటే నిలబడేది. నేనూ దానికింద దాక్కునేదాన్ని.

"బయటోళ్ళవి కావు. అందులో మూడు మూటలు నావి" అన్నాను.

ఆసామి నన్ను కొరకొరా చూశాడు. పెద్దాయన మెల్లగా తలెత్తాడు.

"పొద్దన నీయి కాదంటివే?"

"అబద్ధం చెప్పినాను పెదనాయనా. ఆ ఎర్ర సున్నా నేను చుట్టిందే. భయపడినాను."

ఆయన తమ్ముడి కొడుకు లేచి నా మీదికి వచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను తల వంచుకుని పడ్డాను, పడాల్సిందే. పెద్దాయన అతన్ని చెయ్యి పట్టి కూచోబెట్టాడు. నష్టం నేనొక్కదాన్నే పెట్టుకుంటానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దుడ్లిస్తే నా గొర్లు లేసి మేస్తాయా? నువ్వింక ఈడ పారెయ్యనని సెప్పు. అంతే గాదు. నీతో పాటు పారేసినోళ్ళ చేత గూడా సెప్పించు. అప్పుడు నేనీ వాగులో దిగుతాను."

మొదటిది అక్కడికక్కడే ఒప్పుకున్నాను. రెండోది ఎంత బరువో తెలియకుండానే దానికీ సరేనన్నాను.

మర్నాడు అంగడి తెరవలేదు. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు, అర డజను కొత్త గోతాలు తీసుకుని వాగులోకి దిగాను. ఒక్కొక్క బిళ్ళ ఏరడం కుదరదు కాబట్టి ఇసకతో సహా గరిటెతో ఎత్తి జల్లెడ పట్టాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గోతం సగం కూడా నిండలేదు. చెలమ దగ్గర చూసిన ఇద్దరిలో ఒకామె వచ్చి చూసి, పోయి చెత్త లాగే దంతె తెచ్చుకుంది. వద్దు, చేతులకు మంచిది కాదు అన్నాను. నీ చేతులకు మంచిదా అని అడిగింది. ఆమెకూ తొడుగులు ఇచ్చాను.

చేస్తూ చేస్తూ ఆమె ఒక మాట అడిగింది. రోగం పోగొట్టే బిళ్ళ మట్టిలో పడితే ఎందుకు చెడు చేస్తుంది, మట్టికి రోగం లేదు కదా అని. నువ్వన్నదే దానికి సమాధానం తల్లీ అన్నాను. మనకు కూడా రోగం లేకుండా మింగితే చెడే చేస్తుంది. మందు తన పని తాను మానదు, ఎవరి ఒంట్లో పడిందో చూడదు.

సాయంత్రం స్కూలు వదిలాక మా ఆయన వచ్చాడు. ప్యాంటు మడిచి జల్లెడ అందుకున్నాడు. మూడు రోజులు పట్టింది. నావీ ఇతరులవీ కలిపి తొమ్మిది గోతాలయ్యాయి. రెండో రోజు అంగళ్ళ ఆసామి ఒడ్డు మీద బండి ఆపి, చెత్త ఎత్తేవాళ్ళు ఉండగా చదువుకున్న ఆడదానికి ఈ పనేంటని, అందరి పరువూ వాగులో కలుపుతున్నావని అన్నాడు. మన పరువు ఇప్పటికే వాగులో ఉంది, దాన్నే ఏరుతున్నాను అన్నాను. ఆయన బండి తిప్పుకుని పోయాడు.

ఆ గోతాలను ఎక్కడికి చేర్చాలి? నా మనసులో సందేహమేమీ లేదు. ఎక్కణ్ణించి వచ్చాయో అక్కడికే. చిన్న ట్రక్కు మాట్లాడుకుని తొమ్మిది గోతాలూ ఎక్కించి ఆత్మకూరు పోయాను.

ఏజెన్సీ యజమాని మర్యాదస్తుడు. కూచోబెట్టి టీ తెప్పించాడు. గోతాలు చూశాక టీ చల్లారిపోయింది. సీలు తీసినవి, గడువు దాటినవి కంపెనీ తీసుకోదని, కంపెనీ తీసుకోనిది తాను తీసుకోలేనని చెప్పాడు. పైగా నువ్వు చెప్పినట్టు ఇందులో చాలావరకు నీవి కూడా కావు కదమ్మా అన్నాడు. వాటి మీద బ్యాచి నంబర్లు చూడండి, అన్నీ మీ గోడౌను దాటి వచ్చినవే అన్నాను. తాను చేయగలిగిందేమీ లేదని లోపలికి పోయాడు.

నేను గోతాలు దించించి గోడౌను మెట్ల మీద వరసగా పెట్టించి, ఒకదాని మీద కూచున్నాను. ట్రక్కును పంపించేశాను. వెనక్కి పోయే దారి నాకే లేకుండా చేసుకున్నాను.

ఆ రోజు సరుకు ఎత్తుకుపోయే రోజు. చుట్టుపట్ల ఊళ్ళ అంగళ్ళవాళ్ళందరూ వచ్చారు. ఏందమ్మా ఈ కాపలా అని ఒక్కొక్కరూ అడిగారు. అడిగిన ప్రతి మనిషికీ గోతం మూతి విప్పి చూపించాను. గొర్రెల సంగతి, చెలమ సంగతి చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు పక్కకు చూస్తూ లోపలికి పోయారు. ఎవరి ఇంటి వెనకాల ఎన్ని మూటలున్నాయో ఆ చూపుల్లోనే తెలిసిపోతోంది. కలువాయి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం సరుకు బిల్లు చేతిలో పట్టుకుని నా పక్కన వచ్చి కూచుంది. భర్త పోయాక పాతికేళ్ళుగా అంగడి తనే నడుపుతోందట.

"మా ఇంటెనక బాయిలో పోసినాను నేను" అంది మెల్లగా. "పాడు బాయేలే అనుకున్నా. పక్కనే బోరు ఉండాది."

బస్సు వేళ దాటిపోతున్నా లేవలేదు. ఇద్దరం అలాగే కూచున్నాం. లోపలికి పోయేవాళ్ళు మా ఇద్దరినీ దాటుకుని పోవాల్సి వచ్చింది.

నాలుగింటికి యజమాని బయటికి వచ్చాడు. విసుగు, సిగ్గు రెండూ కనిపించాయి ముఖంలో. గోతాలు లోపల పెట్టించాడు. మందుల చెత్తను కొలిమిలో కాల్చే చోటికి పోయే బండిని తానే మాట్లాడి పంపిస్తానన్నాడు. నోటి మాట చాలదు, కాగితం కావాలన్నాను. రాసి సంతకం పెట్టి, కాగితం నా చేతిలో పెడుతూ, రేపటి నుంచి మీ అంగడికి మా సరుకు రాదమ్మా అన్నాడు. మంచిది అని కాగితం మడిచి పెట్టుకున్నాను. ఆ రోజు నాలో భయం లేదంటే అబద్ధం.

ఆ తర్వాత వారానికి రెండు సార్లు కలిగిరి, జలదంకి మీదుగా కావలి పోయి సరుకు తెచ్చుకున్నాను. చేతి సంచుల్లో పట్టినంతే. కొన్ని మందులు దొరికేవి కావు. వచ్చిన వాళ్ళను ఉత్తచేతులతో పంపాల్సి వచ్చేది. ఆసామి ఆ ముక్క ఊరంతా చెప్పాడు.

పెద్దాయనకిచ్చిన రెండో మాట అలాగే ఉంది. ఇద్దరు ముగ్గురు అంగళ్ళవాళ్ళను విడిగా అడిగి చూశాను. నీకు పట్టింది మాకెందుకంటిస్తావు అన్నారు. అప్పుడు జిల్లా అధికారులకు ఉత్తరం రాశాను. ఊళ్ళో మందుల అంగళ్ళు గడువు తీరిన సరుకును వాగులో పారేస్తున్నాయని, అందులో మొదటి అంగడి నాదేనని, నా లైసెన్సు నంబరు వేసి మరీ రాశాను. మా ఆయన ఆ ఉత్తరం రెండు సార్లు చదివాడు. లెక్కలాయన కదా, నీ పేరు మొదట రాసి వాళ్ళకు లెక్క సులువు చేస్తున్నావు అన్నాడు. కాని పోస్టు చేసింది ఆయనే.

ఒక అధికారి వచ్చాడు. అన్ని అంగళ్ళూ చూశాడు. ఎవరి దగ్గరా తప్పు దొరకలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది నేను ఒక్కదాన్నే కాబట్టి నోటీసు నాకొక్కదానికే వచ్చింది. పది రోజులు అంగడి మూయాలని ఉత్తరువు. ఆ అధికారిని నేను తప్పు పట్టను. రాసిచ్చిన నేరం ఎదురుగా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఆ సాయంత్రం ఆసామి తన అంగడి మెట్ల మీద నిలబడి నా షట్టరు పడటం చూశాడు.

అందరూ నేను పది రోజులు ఇంట్లో ముసుగేసుకుని పడుకుంటాననుకున్నారు. అనారోగ్యం వల్ల అంగడి తెరవడం లేదని బోర్డు పెడదాం అన్నాడు మా ఆయన. నేను పెయింటు డబ్బా తెచ్చి షట్టరు మీద నా చేత్తో పెద్ద అక్షరాలతో రాశాను: 'గడువు తీరిన మందులు వాగులో పారేసినందుకు ఈ అంగడి పది రోజులు మూత. తప్పు నాదే. మీరు మందులు కొనే చోట, మిగిలినవి ఏం చేస్తారో అడగండి.'

అందరూ తిరిగే రోడ్డు అది. బస్సు దిగిన ప్రతివాళ్ళూ చదివారు. చదువు రానివాళ్ళు చదివించుకున్నారు. నేను షట్టరు ముందు కుర్చీ వేసుకుని కూచున్నాను. అడిగిన వాళ్ళకు చెప్పాను. నవ్వి పోయిన వాళ్ళను నవ్వనిచ్చాను. మూడో రోజుకు సంగతి మారింది. ఎదురు అంగట్లో దగ్గుమందు కొంటున్న ఒక ముసలావిడ, మిగిలిపోతే మీరు యాడ పోస్తారయ్యా అని గట్టిగా అడగడం నా చెవులతో విన్నాను. ఆ తర్వాత అలా అడగడం ఊళ్ళో అలవాటైపోయింది. చెలమ దగ్గరి ఆడవాళ్ళయితే గుంపుగా పోయి అడిగి వచ్చారు. మందు కొనకుండా అడగడానికే పోయారు.

ఎనిమిదో రోజున ఆసామి నన్ను పిలిపించాడు. పోయాను. నలుగురు అంగళ్ళవాళ్ళు కూచుని ఉన్నారు. మా నోట్లో మన్ను కొట్టినావు అన్నాడు. ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే నేను ఇన్నాళ్ళు తిరిగింది. నెలకోసారి ఎవరి మూట వాళ్ళు కట్టి నా అంగడికి పంపండి, ఆత్మకూరు చేర్చే పూచీ నాది, ఏజెన్సీ ఆయన ఒకసారి కాగితం రాసిచ్చాడు, ఇంకోసారి రాయించే సంగతి నేను చూసుకుంటాను అన్నాను. ఒకడు లేచి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆసామి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. నెల తిరిగేసరికి ఆయన మూట అన్నిటికన్నా ముందు వచ్చింది. పంపినవాడు ఆయనేనని ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, పేరు లేకుండా.

ఏజెన్సీ ఆయన అంత సులువుగా లొంగలేదు. కలువాయి ఆవిడ, నేను, ఇంకా కొందరం కలిసి నాలుగు సార్లు ఆ మెట్లెక్కాం. ఇప్పుడు గోడౌనులో ఒక మూల పాత మందుల కోసం పసుపు రంగు డబ్బాలు పెట్టించాడు. మూట చేరగానే కాగితం రాసిస్తాడు. నాకు సరుకు మళ్ళీ పంపుతున్నాడు, మాట మాత్రం ముక్తసరిగా ఉంటుంది.

అంతా బాగుపడిందని నేను చెప్పను. ఆ రోజు లేచి వెళ్ళిపోయినవాడి మూటలు ఇప్పటికీ ఎక్కడికి పోతున్నాయో తెలియదు. సూదులు, ఇంజెక్షన్ సీసాలు వాగులో ఇంకా కనబడుతూనే ఉంటాయి. మనం మింగినవాటిలో కొంత మన ఒంట్లోంచే నీళ్ళలోకి పోతుందని, దాన్ని ఏ గోతంతోనూ ఎత్తలేనని నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది ఒకటే. అక్కర్లేని మందు నా కౌంటరు దాటకుండా చూడటం. అందుకే చీటీ లేకుండా యాంటిబయాటిక్ ఇవ్వడం మానేశాను. జలుబుకు రెండు క్యాప్సూళ్ళియ్యి అనేవాళ్ళకు ఆవిరి పట్టుకోమని చెప్పి పంపుతున్నాను. వాళ్ళలో చాలామంది పక్క అంగడికి పోతున్నారు.

పెద్దాయన మరుసటి ఎండాకాలం మందతో వచ్చాడు. వాగులోకి మాత్రం దిగలేదు. ఒడ్డు మీద నుంచే చూసి, ఇంకో ఏడు సూస్తానమ్మా అన్నాడు. ఆ మాట నాకు కష్టంగానే అనిపించింది, కాని ఆయన్ని తొందరపెట్టే హక్కు నాకు లేదు. చెలమ కూడా ఇప్పుడు చెత్త మేటలకు ఎగువన, దూరంగా తీస్తున్నారు.

పోయిన నెల ఒక పెద్ద రైతు వచ్చాడు. పక్క పల్లెలో ఆ కుటుంబం మాటకు ఎదురుండదు. తాతల నాటి నుంచి ఊరి పెత్తనం వాళ్ళదే. తెల్ల చొక్కా, వెంట ఇద్దరు మనుషులు. మనవరాలికి ముక్కు కారుతోందని, ఫలానా యాంటిబయాటిక్ సిరప్ ఇమ్మని పేరు చెప్పి అడిగాడు. డాక్టరు చీటీ కావాలన్నాను. ఆయన నవ్వి, నేనెవరో తెలుసునా అన్నాడు. తెలుసునన్నాను.

"మా పేరు జెప్తే కలెక్టరాఫీసులో పని అయిపోతాది. నువ్వు నన్ను చీటీ అడగతావా?"

"అడుగుతాను రెడ్డిగారూ. మీ పాపకు నిజంగా అవసరమైన రోజున ఈ మందు పనిచెయ్యాల. అందుకే అడగతా ఉండాను."

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు ముందుకు రాబోయాడు. ఆయన చేత్తో ఆపి, ఈ అంగడి ఎన్నాళ్ళు నడస్తాదో చూస్తాను అని మెట్లు దిగి పోయాడు. పాపను డాక్టరుకు చూపించాడో, ఇంకో అంగట్లో కొన్నాడో నాకు తెలియదు. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఎవరూ మా అంగడికి రాలేదు.

చూసుకోనీ. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తాను, రాత్రి తొమ్మిదింటికి మూస్తాను. వచ్చే శుక్రవారం ఆత్మకూరు పోవాల్సిన మూటలు కౌంటరు పక్కనే, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా పెట్టాను. ఇప్పటికి అయిదు చేరాయి.